వీఎం (వర్చువల్ మెషిన్) కాపీ చేస్తే ఈఎన్ఎస్3 కాస్తా ఈఎన్‌పీ1ఎస్0 అయింది, నెట్‌వర్క్ రావట్లేదు. ఏం చూడాలి, ఎలా సరిచేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కేవీఎం (లినక్స్‌లో వీఎంలని నడిపే వ్యవస్థ) మీద నడుస్తున్న పాత ఉబుంటు వీఎం డిస్క్‌ని కాపీ చేసి, కొత్తగా సృష్టించిన వీఎంకి తగిలించారు. పాత దాంట్లో ఈఎన్ఎస్3 అని ఉన్న ఇంటర్‌ఫేస్ (లినక్స్‌కి కనిపించే నెట్‌వర్క్ కార్డు) కొత్త దాంట్లో ఈఎన్‌పీ1ఎస్0 అని కనిపిస్తోంది. బూట్ మధ్యలో రెండు నిమిషాలు ఆగుతోంది, ఐపీ రావట్లేదు, ఎస్ఎస్‌హెచ్ దొరకట్లేదు. కెర్నెల్ కమాండ్ లైన్‌లో (బూట్ అప్పుడు కెర్నెల్‌కి ఇచ్చే సెట్టింగుల్లో) నెట్.ఇఫ్‌నేమ్స్=0 పెట్టి పాత ఈత్0 పద్ధతికి వెళ్ళిపోతే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను: ఈత్0కి వెనక్కి వెళ్ళకండి. మీ కాన్ఫిగరేషన్‌ని పేరుకి కాకుండా మ్యాక్ అడ్రస్‌కి (కార్డు హార్డ్‌వేర్ చిరునామాకి) ముడివేయండి, మీకు కావలసిన పేరు మీరే పెట్టుకోండి. పేరు మారడానికి కారణం దాదాపుగా ఒకటే అయి ఉంటుంది. పాత వీఎం మెషిన్ టైప్ (వీఎంకి చూపించే మదర్‌బోర్డు నమూనా) ఐ440ఎఫ్ఎక్స్, కొత్తది క్యూ35. హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న మెషిన్ మీద, వీఎం నిర్వచనం చూపించే విర్ష్ డంప్‌ఎక్స్ఎంఎల్ కమాండ్ కొట్టి రెండు వీఎంల మెషిన్ లైన్ పక్కపక్కన పెట్టి చూడండి, తేలిపోతుంది. లినక్స్ లోపల ఏమీ పాడవలేదు. కార్డు కూర్చున్న చోటు మారింది, అందుకే పేరు మారింది.

ముందు సర్వీస్ నిలబెట్టాలి అనుకుంటే ఒక తాత్కాలిక దారి ఉంది. వీఎం కన్సోల్‌లోకి వెళ్ళండి (విర్ష్ కన్సోల్ గానీ వీఎన్‌సీ గానీ). రూట్‌గా ఐపీ లింక్ సెట్ కమాండ్‌తో ఈఎన్‌పీ1ఎస్0ని డౌన్ చేయండి, అదే కమాండ్‌కి నేమ్ అని చేర్చి ఈఎన్ఎస్3 అని పేరు మార్చండి, మళ్ళీ అప్ చేసి నెట్‌వర్క్ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. పాత కాన్ఫిగరేషన్ వెతుకుతున్న పేరు దొరికింది కాబట్టి ఎక్కువసార్లు వెంటనే ఐపీ వచ్చేస్తుంది. డౌన్ చేయకుండా పేరు మార్చబోతే చాలా కెర్నెల్స్‌లో డివైస్ బిజీ అంటుంది, అందుకే ఆ వరుస. ఒకవేళ ఫైల్ ఎగ్జిస్ట్స్ అంటే, ఆ పేరు అప్పటికే ఏదో ఇంటర్‌ఫేస్‌కి ఆల్ట్‌నేమ్‌గా (ప్రత్యామ్నాయ పేరుగా) ఉందన్నమాట. ఐపీ లింక్ అవుట్‌పుట్‌లో ఆల్ట్‌నేమ్ అన్న లైన్ చూసి, దాన్ని తీసేసి మళ్ళీ ప్రయత్నించండి. ఇదంతా రీబూట్ అయితే పోతుంది. టెన్షన్ తగ్గించుకుని నింపాదిగా అసలు మరమ్మతు చేయడానికి మాత్రమే ఇది.

ఇక పేరు ఎలా పుడుతుందో కొంచెం వివరంగా చెప్తాను. ఇది ఒకసారి బుర్రకెక్కితే తర్వాత వచ్చే ఇలాంటి సమస్యలన్నీ మీరే చూసుకోగలరు.

కార్డు కనబడగానే కెర్నెల్ దానికి ఈత్0, ఈత్1 అని తను చూసిన వరుసలో తాత్కాలికంగా పేరు పెడుతుంది. తర్వాత యూడెవ్ (పరికరాలని గుర్తించి ఏర్పాటు చేసే ప్రోగ్రామ్) వచ్చి ఆ కార్డు ఎక్కడ ఉందో చదివి పేరు మారుస్తుంది. ఈ పద్ధతి సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని నడిపే వ్యవస్థ) 197వ వెర్షన్‌తో 2013లో వచ్చింది. యూడెవ్ వరుసగా కొన్ని ప్రశ్నలు వేసుకుంటుంది. ఫర్మ్‌వేర్ ఇది బోర్డు మీదే ఉన్న ఫలానా నంబరు కార్డు అని చెప్పిందా? చెబితే ఈఎన్ఓ1. పీసీఐ (కార్డులు మెషిన్‌కి తగిలే మార్గం) హాట్‌ప్లగ్ స్లాట్ నంబరు ఉందా? ఉంటే ఈఎన్ఎస్3 లాంటి పేరు. అదీ లేకపోతే పీసీఐ బస్ నంబరు, ఆ బస్ మీద డివైస్ నంబరు కలిపి ఈఎన్‌పీ1ఎస్0. అంటే ఒకటో బస్, సున్నా నంబరు డివైస్. ఇవేవీ కుదరకపోతే కెర్నెల్ పెట్టిన ఈత్0 అలాగే మిగిలిపోతుంది.

ఐ440ఎఫ్ఎక్స్‌లో పీసీఐ బస్ ఒక్కటే. డిస్క్, నెట్‌వర్క్ కార్డు, డిస్‌ప్లే అన్నీ ఆ ఒక్క బస్ మీదే వరుసగా కూర్చుంటాయి, కార్డుకి సాధారణంగా మూడో స్లాట్ వస్తుంది. అదే మీ ఈఎన్ఎస్3. క్యూ35లో ఒక్కో వర్చియో డివైస్‌కి (వీఎంల కోసమే చేసిన వర్చువల్ పరికరానికి) ఒక్కో రూట్ పోర్ట్, దాని వెనక ఒక్కో బస్. మొదటి పోర్ట్ వెనక కార్డు ఉంటే ఈఎన్‌పీ1ఎస్0. పాత వీఎంని తయారు చేసిన పద్ధతి పాత డీఫాల్ట్ తీసుకుని ఉంటుంది, ఇప్పుడు వాడిన టూల్ కొత్త డీఫాల్ట్ తీసుకుంది. మీరు డిస్క్‌నే కాపీ చేశారు, వీఎం నిర్వచనాన్ని కాపీ చేయలేదు. విర్ట్-క్లోన్‌తో చేసి ఉంటే పీసీఐ అడ్రసులు అలాగే వచ్చేవి, మ్యాక్ మాత్రం కొత్తది వచ్చేది. అప్పుడు పేరు మారేది కాదు.

వేరే హైపర్‌వైజర్ల సంగతి కూడా చెప్పేస్తాను, రేపు అటు మారినా పనికొస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో మొదటి నాలుగు కార్డులు ఈఎన్‌పీ0ఎస్3, ఈఎన్‌పీ0ఎస్8, ఈఎన్‌పీ0ఎస్9, ఈఎన్‌పీ0ఎస్10. మూడు తర్వాత ఎనిమిదికి దూకడం చూసి కంగారు పడకండి, అక్కడ అమరిక అంతే. ప్రాక్స్‌మాక్స్‌లో మొదటి కార్డు ఈఎన్ఎస్18. వీఎంవేర్‌లో వీఎంఎక్స్‌నెట్3 రకం అయితే ఈఎన్ఎస్160, ఈఎన్ఎస్192, ఈఎన్ఎస్224 లాంటివి, ఈ1000 రకం అయితే ఈఎన్ఎస్33 తరచుగా కనిపిస్తుంది. ఆ అంకె వీఎంఎక్స్ ఫైల్‌లో పీసీఐ స్లాట్ నంబర్ అన్న లైన్‌లో ఉండే అంకే. అందుకే కార్డు రకం మార్చినా, కార్డు తీసి మళ్ళీ పెట్టినా పేరు మారవచ్చు. హైపర్-వీలో సింథటిక్ కార్డు పీసీఐ మీద ఉండదు, వీఎంబస్ మీద ఉంటుంది, కాబట్టి అక్కడ ఈత్0 అనే కనిపిస్తుంది. అది తప్పు కాదు.

ఇప్పుడు పరీక్ష. నేను ఎప్పుడూ కన్సోల్‌లోంచి ఈ వరుసలోనే వెళ్తాను.

మొదట ఐపీ లింక్. లో అనే లూప్‌బ్యాక్ తప్ప ఇంకేదీ కనబడకపోతే ఇది పేరు సమస్యే కాదు. కార్డు తగిలించలేదు, లేదా ఆ రకం కార్డుకి డ్రైవర్ లేదు. వీఎంవేర్ నుంచి కేవీఎంకి తెచ్చిన పాత వీఎంలలో ఇది చూస్తుంటాం. అలాంటప్పుడు ఎల్ఎస్‌పీసీఐ (పీసీఐ పరికరాల జాబితా) చూసి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. పేర్లతో కుస్తీ పడి లాభం లేదు.

కార్డు కనబడితే డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్‌లో) రీనేమ్డ్ అన్న మాట కోసం వెతకండి. వర్చియో నెట్, దాని పక్కన ఈఎన్‌పీ1ఎస్0, ఆ తర్వాత రీనేమ్డ్ ఫ్రమ్ ఈత్0 అని ఒక లైన్ ఉంటుంది. ఎన్ని కార్డులుంటే అన్ని లైన్లు. నాకు బాగా ఇష్టమైన లైన్ ఇది. ఏ కార్డు ఏ పేరుతో పుట్టి ఏ పేరుకి వెళ్ళిందో, ఎన్నో సెకనులో వెళ్ళిందో అందులోనే ఉంటుంది. కొన్నిసార్లు ఒకే కార్డు రెండుసార్లు పేరు మారినట్టు కనబడుతుంది. ఒకసారి యూడెవ్, ఇంకోసారి నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగుల టూల్) గానీ పాత రూల్ ఫైల్ గానీ. ఇద్దరు ఒకే కార్డుకి పేరు పెడుతున్నారంటే గొడవ అక్కడే ఉంది.

ఆ తర్వాత యూడెవ్‌ఆడ్మ్ ఇన్ఫో అని కొట్టి, సిస్ కింద క్లాస్, నెట్ డైరెక్టరీలో ఆ ఇంటర్‌ఫేస్ పాత్ ఇవ్వండి. ఐడీ నెట్ నేమ్ అని మొదలయ్యే లైన్లు వస్తాయి. ఆన్‌బోర్డ్, స్లాట్, పాత్, మ్యాక్ అని ఈ కార్డుకి రాగలిగిన పేర్లన్నీ అక్కడ కనబడతాయి. పాత వీఎంలో అదే కమాండ్ కొట్టి పక్కన పెట్టి చూస్తే ఏ లైన్ మారిందో తెలుస్తుంది. అదే అవుట్‌పుట్‌లో లింక్ ఫైల్ (కార్డుకి పేరు నిర్ణయించే సెట్టింగుల ఫైల్) పేరున్న లైన్ ఉంటుంది. ఈ కార్డుకి ఏ లింక్ ఫైల్ వర్తించిందో అది చెబుతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

చివరగా, పాత పేరు ఇంకా ఎక్కడెక్కడ రాసి ఉందో వెతకండి. ఈటీసీ డైరెక్టరీ మొత్తంలో గ్రెప్‌తో ఈఎన్ఎస్3 కోసం వెతకడం ఎప్పుడూ మానకండి. అందరూ నెట్‌వర్క్ ఫైల్ సరిచేసి, పింగ్ రాగానే ఆపేస్తారు. కానీ ఫైర్‌వాల్ రూల్స్‌లో ఆ పేరు ఉంటుంది. సిస్‌సీటీఎల్ (కెర్నెల్ సెట్టింగుల) ఫైల్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరుతో సెట్టింగులు ఉంటాయి. కీప్‌అలైవ్డీ, డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే) సర్వర్, మానిటరింగ్ ఏజెంట్, కంటైనర్ నెట్‌వర్క్ ప్లగిన్, ఇవన్నీ పేరు పట్టుకుని కూర్చుంటాయి. ఫైర్‌వాల్ రూల్‌లో లేని ఇంటర్‌ఫేస్ పేరు ఉంటే చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. ఆ రూల్ ఏ ప్యాకెట్‌కీ తగలదు, అంతే. బ్లాక్ చేయాల్సిన రూల్ అయితే తలుపు తెరిచే ఉంటుంది, మీకు తెలియదు.

బూట్ రెండు నిమిషాలు ఎందుకు ఆగుతోందంటే, నెట్‌వర్క్ ఆన్‌లైన్ అయ్యేదాకా ఆగే సర్వీస్ ఈఎన్ఎస్3 కోసం 120 సెకన్లు చూసి వదిలేస్తోంది. పేరు సరి అయితే అది దానంతట అదే పోతుంది. ఆ సర్వీస్‌ని ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, వినకండి. నెట్‌వర్క్ వచ్చాకే లేవాల్సిన సర్వీసులు దాని మీద ఆధారపడి ఉంటాయి.

ఇక శాశ్వతమైన మరమ్మతు.

మీది ఉబుంటు, నెట్‌ప్లాన్ ఉంది కాబట్టి తేలిక దారి అక్కడే ఉంది. యామల్ ఫైల్‌లో ఈథర్నెట్స్ కింద ఈఎన్ఎస్3 అని ఉన్నచోట మీకు నచ్చిన పేరు పెట్టండి, ల్యాన్0 అనుకుందాం. దాని కింద మ్యాచ్, ఆ మ్యాచ్ లోపల మ్యాక్‌అడ్రస్. మ్యాచ్‌తో సమానమైన ఇండెంట్‌లో సెట్-నేమ్ అని పెట్టి మళ్ళీ ల్యాన్0. మిగతా ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్ లైన్లు ఎలా ఉన్నవి అలాగే ఉంచండి. ఆ తర్వాత నెట్‌ప్లాన్ అప్లై కాకుండా నెట్‌ప్లాన్ ట్రై వాడండి. మీరు ఒప్పుకుంటున్నట్టు ఎంటర్ కొట్టకపోతే 120 సెకన్లలో పాత కాన్ఫిగరేషన్‌కి తిరిగి వెళ్తుంది.

మ్యాక్ అడ్రస్‌ని తప్పకుండా కోట్స్‌లో పెట్టండి. కేవీఎం మ్యాక్‌లు 52:54:00తో మొదలవుతాయి. మిగిలిన మూడు భాగాల్లో కూడా అక్షరాలు లేకుండా, 60 లోపు అంకెలే పడితే, పాత యామల్ నియమం ప్రకారం అది 60 ఆధారంగా రాసిన సంఖ్య. కోట్స్ లేకపోతే కొన్ని టూల్స్ దాన్ని పెద్ద పూర్ణాంకంగా చదివేస్తాయి, మ్యాచ్ ఎప్పటికీ కుదరదు. ఆటోమేషన్‌తో వందల వీఎంలు లేపేవాళ్ళకి ఎక్కడో ఒక్క వీఎంలోనే ఈ చిక్కు వస్తుంది, మిగతావన్నీ బాగానే ఉంటాయి. ఎంత చూసినా కారణం కనబడదు.

నెట్‌ప్లాన్ లేని చోట, లేదా ఏ డిస్ట్రోలో అయినా ఒకేలా పనిచేయాలి అనుకుంటే, సిస్టమ్‌డీ లింక్ ఫైల్ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఈటీసీ కింద సిస్టమ్‌డీ, దాని కింద నెట్‌వర్క్ డైరెక్టరీలో 10-ల్యాన్0 అని, డాట్ లింక్ ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైల్. అందులో మ్యాచ్ సెక్షన్‌లో పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్, లింక్ సెక్షన్‌లో నేమ్. నాలుగు లైన్ల ఫైల్. మొదట్లో 10 ఎందుకంటే, డీఫాల్ట్ లింక్ ఫైల్ 99తో మొదలవుతుంది. ఫైల్స్‌ని పేర్ల వరుసలో చదువుతారు, ఒక కార్డుకి మొదట సరిపోయిన ఫైల్ ఒక్కటే వర్తిస్తుంది, మిగతావి చూడరు. ఉత్త మ్యాక్‌అడ్రస్ అని కాకుండా పర్మనెంట్ అని రాయమనడానికి కారణం ఉంది. వీలాన్, బ్రిడ్జ్, బాండ్ లాంటి, కార్డు మీద కట్టే వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లు కింద ఉన్న కార్డు మ్యాక్‌నే తీసుకుంటాయి. ఉత్త మ్యాక్‌తో మ్యాచ్ చేస్తే అవి కూడా నాకే ల్యాన్0 పేరు కావాలని పోటీకి వస్తాయి.

లింక్ ఫైల్ రాశాక ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో, అసలు డిస్క్ మౌంట్ కాకముందు వాడే చిన్న ఇమేజ్) మళ్ళీ కట్టండి. ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, రెడ్ హ్యాట్ కుటుంబంలో డ్రాకట్. దీని మీద నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను, అందుకే గట్టిగా చెప్తున్నాను. ఫైల్ సరిగ్గా ఉంది, పర్మిషన్లు సరిగ్గా ఉన్నాయి, మ్యాక్ ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూశాను. యూడెవ్‌ఆడ్మ్ టెస్ట్-బిల్టిన్‌తో నెట్ సెటప్ లింక్ అని పరీక్షిస్తే నా ఫైలే వర్తిస్తుందని చెబుతోంది. రీబూట్ చేస్తే మళ్ళీ పాత పేరే. పొద్దున నాలుగింటికి డీమెసేజ్‌లో ఆ రీనేమ్డ్ లైన్ పక్కనున్న సమయం మీద కన్ను పడింది. రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ అవ్వకముందే పేరు మారిపోయింది. అంటే పేరు పెట్టింది డిస్క్ మీదున్న ఈటీసీలోని ఫైల్ చూసి కాదు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లోపల ఉన్న పాత కాపీ చూసి. ఎల్ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌తో లోపల చూస్తే నిజంగానే నా కొత్త ఫైల్ లేదు, గతంలో ఎవరో రాసిన ఇంకో లింక్ ఫైల్ ఉంది. డిస్క్ మీద నుంచి దాన్ని ఎప్పుడో తీసేశారు, ఇమేజ్‌లో మాత్రం బతికే ఉంది. ఒక్క కమాండ్‌తో పని అయిపోయింది.

రెడ్ హ్యాట్ కుటుంబంలో నెట్‌వర్క్‌మేనేజర్ ఉంటుంది. అక్కడ ఎన్ఎమ్‌సీఎల్ఐతో కనెక్షన్ వివరాలు చూసి, ఇంటర్‌ఫేస్-నేమ్ ఫీల్డ్‌లో పాత పేరు ఉంటే దాన్ని ఖాళీ చేసి ఈథర్నెట్ మ్యాక్-అడ్రస్ ఫీల్డ్ నింపండి. అంతే. పాత వెర్షన్లలో ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైల్స్ ఉంటే హెచ్‌డబ్ల్యూఏడీడీఆర్ లైన్ కూడా చూడాలి. క్లోన్ చేసినప్పుడు పాత మ్యాక్ అక్కడ మిగిలిపోయి కూర్చుంటుంది.

పేరు ఎంపిక గురించి ఒక మాట. ల్యాన్0, స్టోర్0, మేనేజ్0 లాంటి పనిని చెప్పే పేర్లు పెట్టండి. ఈత్0 అని మాత్రం మీరుగా పెట్టకండి. కెర్నెల్ అదే సమయంలో ఇంకో కార్డుకి ఈత్0 ఇస్తూ ఉండవచ్చు, రెండూ ఢీకొంటాయి. ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు. పేరు 15 అక్షరాలు దాటకూడదు, కెర్నెల్ హద్దు అది. మ్యాక్ ఆధారంగా వచ్చే పేరు, అంటే ఈఎన్ఎక్స్ తర్వాత పన్నెండు అక్షరాలు, సరిగ్గా 15కి వస్తుంది. దాని మీద డాట్ 100 అని వీలాన్ పెట్టబోతే పేరు పొడవైపోయి కుదరదు. అందుకే ఆ పేర్లు నాకు అంత ఇష్టం ఉండవు.

మ్యాక్‌కి ముడివేయడం అన్నిచోట్లా సరైనది అని కూడా అనను. మ్యాక్ మీ చేతిలో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. హైపర్-వీలో డైనమిక్ మ్యాక్ పెడితే వీఎం ఇంకో హోస్ట్ మీద లేచినప్పుడు మ్యాక్ మారవచ్చు, కాబట్టి ముందు స్టాటిక్ మ్యాక్ పెట్టుకోవాలి. మ్యాక్ ప్రతిసారీ కొత్తగా పుట్టే చోట లింక్ ఫైల్ మ్యాచ్ సెక్షన్‌లో పాత్ అని పీసీఐ అడ్రస్‌తో ముడివేయవచ్చు. లిబ్‌విర్ట్‌లో (విర్ష్ వెనకున్న వీఎం నిర్వహణ వ్యవస్థలో) వీఎం ఎక్స్ఎంఎల్‌లో ఇంటర్‌ఫేస్ కింద అడ్రస్ లైన్ మీరే రాసి పెడితే, ఎన్ని డిస్కులు తగిలించినా కార్డు కూర్చునే చోటు మారదు. వీఎంలని స్క్రిప్ట్‌తో ప్రతిసారీ కొత్తగా డిఫైన్ చేసేవాళ్ళు ఆ లైన్ రాయకపోతే, ఒక డిస్క్ చేర్చినరోజు కార్డు ఒక స్థానం పక్కకి జరుగుతుంది, పేరు మారుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఈత్0. ఒక్క కార్డే ఉన్న వీఎంలో నెట్.ఇఫ్‌నేమ్స్=0 పెట్టినా ఇబ్బంది రాదు. చాలా క్లౌడ్ ఇమేజ్‌లు అలాగే వస్తాయి. కానీ మీరు దాన్ని టెంప్లేట్‌లో (కొత్త వీఎంలకి మూలంగా వాడే ఇమేజ్‌లో) పెడితే, ఎప్పుడో ఎవరో దానికి రెండో కార్డు చేరుస్తారు. నేను చూసుకున్న ఒక వీఎంలో సరిగ్గా అదే జరిగింది. ఒకటి వర్చియో కార్డు, ఇంకోటి హోస్ట్ నుంచి నేరుగా ఇచ్చిన ఎస్ఆర్-ఐఓవీ కార్డు. చాలాకాలం ఈత్0 బయటి నెట్‌వర్క్, ఈత్1 స్టోరేజ్ నెట్‌వర్క్. ఒక కెర్నెల్ అప్‌డేట్ తర్వాత రీబూట్ చేస్తే రెండు డ్రైవర్లలో రెండోది ముందు లేచింది. పేర్లు తారుమారయ్యాయి. బయటి నెట్‌వర్క్ మీద పెట్టిన కఠినమైన ఫైర్‌వాల్ స్టోరేజ్ వైపు వెళ్ళింది, స్టోరేజ్ వైపు పెట్టిన వదులు రూల్స్ బయటికి వచ్చాయి. స్టోరేజ్ ఆగిపోయింది కాబట్టి వెంటనే కనిపెట్టాం. ఆగకపోయి ఉంటే ఎన్ని రోజులు అలా తెరిచి ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మీకు ఈత్0 వద్దు అని అంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

పేరు బాగానే ఉండి ఐపీ రాని సందర్భం ఒకటుంది, దాన్నీ మీరు చూసుకోవాలి, ఎందుకంటే మీరు చేసింది డిస్క్ కాపీ. క్లౌడ్-ఇనిట్ (బూట్ అప్పుడు వీఎంని ఏర్పాటు చేసే టూల్) ఉన్న ఇమేజ్‌లలో నెట్‌ప్లాన్ డైరెక్టరీలో 50-క్లౌడ్-ఇనిట్ అనే యామల్ ఫైల్ ఉంటుంది. అందులో పాత వీఎం మ్యాక్‌తో మ్యాచ్, పాత పేరుతో సెట్-నేమ్ ముందే రాసి ఉండవచ్చు. కొత్త వీఎం మ్యాక్ వేరు కాబట్టి ఆ బ్లాక్ దేనికీ తగలదు. దాన్ని చేత్తో సరిచేస్తే క్లౌడ్-ఇనిట్ మళ్ళీ తిరగరాసే అవకాశం ఉంది. చేత్తోనే నడుపుకోవాలి అనుకుంటే, ఈటీసీ కింద క్లౌడ్, క్లౌడ్ సీఎఫ్‌జీ డాట్ డీ డైరెక్టరీలో ఒక ఫైల్ పెట్టి నెట్‌వర్క్ కాన్ఫిగ్ డిసేబుల్డ్ అని చెప్పండి, ఆ తర్వాత మీ సొంత యామల్ పెట్టుకోండి.

ఇదే కాపీలో ఇంకో చిక్కు: మెషిన్-ఐడీ, అంటే ఆ మెషిన్ గుర్తింపు సంఖ్య. ఈటీసీలో ఆ ఫైల్ కూడా కాపీ అయి ఉంటుంది. సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీ సర్వర్‌కి తన గుర్తింపుని దాన్నుంచే తయారు చేసి పంపుతుంది. మ్యాక్‌లు వేరైనా, సర్వర్‌కి రెండు వీఎంలూ ఒకే క్లయింట్‌లా కనబడి ఒకే ఐపీ ఇచ్చేయవచ్చు. ఇవాళ పేరు సరిచేశాక రేపు పాతదీ కొత్తదీ ఒకదాన్నొకటి నెట్‌వర్క్ మీంచి తోసేస్తుంటే కారణం ఇదే. టెంప్లేట్ మూసేముందు ఆ ఫైల్‌ని డిలీట్ చేయకుండా, లోపల ఖాళీ చేసి ఉంచండి. తర్వాతి బూట్‌లో కొత్తది పుడుతుంది. విర్ట్-సిస్‌ప్రెప్ అనే టూల్ మెషిన్-ఐడీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, పాత యూడెవ్ పర్సిస్టెంట్ నెట్ రూల్స్, పాత హెచ్‌డబ్ల్యూఏడీడీఆర్ లైన్లు అన్నీ ఒకేసారి తుడిచేస్తుంది. డిస్క్ కాపీ చేసే పద్ధతే కొనసాగిస్తానంటే దాన్ని అలవాటు చేసుకోండి.

టెంప్లేట్‌లో పేరే రాయకుండా ఉండటం ఇంకా మంచిది. ఒకే కార్డు, డీహెచ్‌సీపీ అయితే నెట్‌ప్లాన్ మ్యాచ్‌లో నేమ్ అని పెట్టి ఈఎన్ తర్వాత స్టార్ గుర్తు. ఈఎన్ఎస్ అయినా ఈఎన్‌పీ అయినా తగులుతుంది. రెండు కార్డులు ఉంటే మాత్రం ఈ స్టార్ వాడకండి, రెండింటికీ ఒకే సెట్టింగు పడుతుంది.

హోస్ట్ మీద కూడా ఇదే నియమం అని చాలామందికి తట్టదు. హోస్ట్‌లో కొత్త ఎన్‌వీఎంఈ డిస్క్ పెడితే పీసీఐ బస్ నంబర్లు ఒకటి ముందుకి జరగవచ్చు. ఈఎన్‌పీ4ఎస్0 కాస్తా ఈఎన్‌పీ5ఎస్0 అవుతుంది. బ్రిడ్జ్‌లో పాత పేరు రాసి ఉంటుంది, బ్రిడ్జ్ లేస్తుంది కానీ దాంట్లో కార్డు ఉండదు, దాని మీదున్న వీఎంలన్నీ ఒకేసారి బయటి ప్రపంచానికి దూరమవుతాయి. లోపల ఏ వీఎంలో చూసినా పేరు సరిగ్గానే ఉంటుంది, లింక్ అప్ అనే ఉంటుంది. ఇలా అన్నీ ఒకేసారి పోతే వీఎంలని వదిలేసి హోస్ట్ బ్రిడ్జ్‌లో ఏముందో చూడండి. హోస్ట్‌లో కనిపించే వీనెట్0, ట్యాప్ లాంటివి వీఎం కార్డుకి హోస్ట్ వైపు చివరలు. వాటి అంకెకీ వీఎం లోపలి పేరుకీ సంబంధం లేదు. ఏది ఏ వీఎందో కావాలంటే విర్ష్ డొమ్‌ఇఫ్‌లిస్ట్ మ్యాక్‌తో సహా చూపిస్తుంది.

డిస్ట్రో అప్‌గ్రేడ్ తర్వాత, ఏ హార్డ్‌వేర్ మార్పూ లేకుండా పేరు మారితే అది వేరే కథ. సిస్టమ్‌డీ పేర్లు పెట్టే నియమాల్లో వెర్షన్‌కీ వెర్షన్‌కీ చిన్న మార్పులు వచ్చాయి. పీసీఐ బ్రిడ్జ్ వెనకున్న కార్డుకి స్లాట్ నంబరు వాడాలా వద్దా అన్నది అలాంటిదే. కెర్నెల్ కమాండ్ లైన్‌లో నెట్.నేమింగ్-స్కీమ్ అని పెట్టి పాత వెర్షన్ చెబితే పాత నియమమే నడుస్తుంది. దూరంగా ఉన్న, కన్సోల్ దొరకని మెషిన్ అప్‌గ్రేడ్ చేసేముందు నేను ఇది గానీ, మ్యాక్‌తో లింక్ ఫైల్ గానీ పెట్టకుండా రీబూట్ కొట్టను.

ఇవన్నీ చేశాక కూడా కార్డు ఈత్0 పేరుతోనే ఉండిపోతే మూడు చోట్లు చూడండి. ప్రాక్ కింద సీఎండీలైన్‌లో ఇఫ్‌నేమ్స్=0 ఇంకా ఉందా, ఈటీసీలో సిస్టమ్‌డీ నెట్‌వర్క్ డైరెక్టరీలో 99-డీఫాల్ట్ లింక్ ఫైల్‌ని డెవ్ నల్‌కి ఎవరైనా సిమ్‌లింక్ చేశారా, యూడెవ్ రూల్స్ డైరెక్టరీలో 80-నెట్-సెటప్-లింక్ రూల్‌ని కూడా అలాగే పనిచేయకుండా చేశారా. మూడూ శుభ్రంగా ఉన్నా మారకపోతే డీమెసేజ్‌లోని రీనేమ్డ్ లైన్లు, యూడెవ్‌ఆడ్మ్ ఇన్ఫో అవుట్‌పుట్, వీఎం ఎక్స్ఎంఎల్‌లోని ఇంటర్‌ఫేస్ భాగం ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.